బూట్లు విప్పిన హంతకుడు

మొత్తం నూట ఇరవై సెకన్లు. తెర మీద సినిమా పేరు పడటానికి ఎనిమిది పోతే మిగిలేది నూట పన్నెండు. శనివారం మధ్యాహ్నం మా మనవరాలు చీపురుపల్లిలో ప్యాసింజరు దిగి ఇంటికి వచ్చి, మంచినీళ్ళయినా తాగకుండా నా చేతిలో పెట్టిన కాగితంలో నాకు ముందు కనిపించినవి ఈ అంకెలే.

ఆ పిల్ల మా అమ్మాయి కూతురు. విజయనగరంలో డిగ్రీ, సినిమా తీయడం నేర్పే కోర్సు. థ్రిల్లర్ సినిమా ఒకటి ఉందనుకుని దాని మొదటి రెండు నిమిషాలు మాత్రం తీసి సోమవారం ఇవ్వాలి. ఇదే పేపరు కిందటిసారి తప్పింది. యాభైకి ఇరవై రావాలి, పదిహేడు వచ్చాయి. ఈసారీ తప్పితే మాన్పించి కంప్యూటరు కోర్సులో వేస్తానని వాళ్ళ నాన్న చెప్పాడు. మా అల్లుడు మాట మీద నిలబడే మనిషి.

కాగితంలో వాళ్ళ మాస్టారు రాసిచ్చిన లక్షణాలున్నాయి. మసక వెలుతురు, దగ్గరవుతున్న అడుగుల చప్పుడు, ముఖం కనబడని మనిషి, దగ్గరనుంచి చేతులు, ఏం జరిగిందో తేలకముందే పేరు పడటం. ఒక్కోదానికి ఇన్నేసి మార్కులు. అడుగుల చప్పుడుకి ఐదు. కిందటిసారి మనవరాలు ఇవేవీ పట్టించుకోకుండా పట్టపగటి వెలుతురులో తీసిందట. ఇది కుటుంబ కథలా ఉందని మాస్టారు రాశారు.

ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన నాకు ఆ జాబితా వింతగా తోచలేదు. ఏదో ఒక త్రిభుజం గీయమంటే మూడు భుజాలూ మూడు కొలతల్లో గీస్తాం. సమానంగా గీస్తే చూసేవాడు లేని గుణాన్ని ఉందనుకుంటాడు. చీకటి గదీ, అడుగుల చప్పుడూ అలాంటివే. తీసేవాడికీ చూసేవాడికీ మధ్య ముందే కుదిరిన ఒప్పందం. ఈసారి కాగితం దాటొద్దని చెప్పాను. దాటనంది.

కిటికీలకు నాలుగు దుప్పట్లు కట్టాం. మధ్యాహ్నం మూడింటికి గదిలో దీపాలవేళ వచ్చింది. గుమ్మానికి వీపు పెట్టి, బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్న ముసలావిడను నేను. ఫోనుతో తీసేది మనవరాలి స్నేహితురాలు, మా ఊరి పిల్లే. హంతకుడు మా పక్కింటి రైతు. ఆరడుగుల మనిషి, గోడ మీద నీడ బాగా పడుతుందని ఎంచుకున్నారు. ఆయన తమ్ముడి నల్లబూట్లు తొడిగారు. గుమ్మం నుంచి నా కుర్చీకి ఆయన నడకలో పదకొండు అడుగులు, ముందే కొలిపించాను.

మొదటిసారి ఆయన గుమ్మం దాకా వచ్చి, కూర్చుని, బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. నలభై ఒక్క సెకన్లు పట్టింది. మనవరాలు తల పట్టుకుంది. స్నేహితురాలు ఊరుకోలేదు.

"మావా, నువ్వు సంపడానికి వస్తన్నావు. సుట్టపు సూపుకి కాదు."

"సంపితే మాత్రం? పంతులమ్మగారిల్లు కదే. బూట్లతో కాలెలా ఎల్తాది లోపలికి?"

రెండోసారి ఒక కాలు లోపల పెట్టి వెనక్కి తీసుకున్నాడు. మూడోసారి గచ్చు పాడవుతుందని మునివేళ్ళ మీద నడిచాడు. నాలుగోసారి గేటు దగ్గరే అలవాటు కొద్దీ "పంతులమ్మగారూ, వస్తన్నానండి" అని కేకేశాడు. ఐదోసారి మాత్రం తిన్నగా, బరువుగా, పదకొండు అడుగులూ వేశాడు. ఒక్కోటీ లెక్కపెట్టుకున్నాను. ఐదు మార్కులు వచ్చేసినట్టే అనిపించింది.

మనవరాలు ఎందుకైనా మంచిదని ఇంకొక్కసారి తీద్దామంది. నేను కలం పట్టుకుని, లెక్కకు సిద్ధంగా కూర్చున్నాను. ఒకటి అనుకోవడానికి చప్పుడు రాలేదు. ఆయన ఇంకా గేటు దగ్గరే ఉన్నాడనుకున్నాను. ఇంతలో నా కాగితం మీద నీడ పడింది. కలం జారి అడ్డంగా గీత పడింది. ఇరవై ఆరేళ్ళుగా ఎరిగిన మనిషి, మా ఇంట్లో భోంచేసిన మనిషి, ఎందుకు వచ్చాడో తెలిసిన మనిషి. అయినా నా వీపు చల్లబడింది.

ఆయన మళ్ళీ బూట్లు విప్పేశాడు. ఆపమని మనవరాలు చెప్పలేదు, తియ్యమని స్నేహితురాలికి సైగ చేసిందట.

సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఐదోది పెట్టమన్నాను. నా హయాంలో జరిగింది ఒకటి చెప్పాను. ఒక పిల్ల పరీక్షలో ఒక సిద్ధాంతాన్ని 'కీ'లో లేని దారిలో రుజువు చేసింది. ఎనిమిదికి రెండు వేశాను. తరవాత ఇంట్లో చేసి చూసుకుంటే ఆ దారి సరైనదే. అప్పటికి మార్కులు పంపేశాను. అక్కడ మార్కులు వెయ్యడానికి కూర్చునేది నాలాంటివాళ్ళేనని చెప్పాను.

మనవరాలు అంతా విని ఒకే మాట అడిగింది.

"నువ్వు భయపడ్డావా లేదా అమ్మమ్మా?"

"ఆరోసారి భయపడ్డాను."

"ఐదోసారో?"

"లేదు."

వాళ్ళ నాన్న అన్న మాట గుర్తు చేశాను. గుర్తుందంది. ఆరోదే ఉంచింది. దాని ముందు, మొదటిసారి తీసిన నలభై ఒక్క సెకన్ల బూట్లను తొమ్మిదికి కత్తిరించి అతికించింది. తాళ్ళు విప్పే చేతులు, గుమ్మం పక్కన జతగా పెట్టిన బూట్లు, ఆ తరవాత చప్పుడు లేని నడవ. పేరు పడేది నీడ నా కాగితాన్ని తాకినప్పుడు.

సోమవారం అది ఇచ్చేశాక రెండు రోజులూ నేను దాని గురించే ఆలోచించాను. ఆ పిల్ల కిందటిసారి నియమం పట్టించుకోక వదిలేసింది, ఈసారి తెలిసి వదిలింది. రెండింటిలోనూ చప్పుడు లేదు, కానీ రెండూ ఒకటి కావు. అడుగులు వినబడాలని తెలిసినవాడే అవి వినబడకపోతే ఎదురుచూస్తాడు. పైగా బూట్లతో వచ్చేవాడు ఎక్కడివాడో అనుకుంటాం. విప్పి వచ్చేవాడు మనవాడు. భయం అక్కడుంది. ఇంత అనుకున్నా, ఆ కాగితం నేను దిద్దవలసి వస్తే ఏం వేసేదాన్నో నాకు నమ్మకంగా తెలియదు.

బుధవారం ఫోను వచ్చింది. తాళ్ళు విప్పుతుంటే క్లాసంతా నవ్విందట. బూట్లు పక్కపక్కన పెట్టేసరికి నవ్వు సగం అయిందట, ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదట. యాభైకి ఇరవై ఎనిమిది. అడుగుల చప్పుడుకి ఐదుకి సున్నా. చప్పుడు లేదు కాబట్టి ఆ సున్నా సరైనదేనన్నాను. మనవరాలు కాదనలేదు. వాళ్ళ నాన్న మార్కులు చూసి, సరే చదువుకోమన్నాడట.

గోడ మీదుగా పక్కింటాయనకు చెప్పాను. మనం పాసయ్యేమా అని సంబరపడ్డాడు. ఆ సంబరంలో నా వీపు చల్లబడిన సంగతి కూడా చెప్పేశాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"నన్ను సూసా పంతులమ్మగారూ?"

నటించడం బాగా కుదిరిందని నచ్చజెప్పబోయాను. తాను నటించలేదని, మామూలుగా ఇంట్లోకి వచ్చినట్టే వచ్చానని అన్నాడు. అది నిజమే.