మోటారును నిద్రలేపే మేస్త్రీ

మొన్న ఆదివారం పొద్దున రంగూనులో, తామ్వే పేటలో నా షెడ్డు తలుపులు తీస్తున్నాను. మేస్త్రీ ఉండే లమ్మడా పేట నుంచి కిరసనాయిలు డబ్బాలు తెచ్చే మనిషి, మా శ్రీకాకుళం వైపువాడే, వచ్చి బండి మీంచి డబ్బాలు దించకుండా నిలబడ్డాడు.

"మేస్త్రీ ఎల్లిపోనాడు. టీ తాగతా తాగతా పక్కకి ఒరిగిపోనాడట" అన్నాడు. ఒక డబ్బా కిందికి దించుతూ, "ఆ సేత్తో లేపిన బండి దారిలో కూలబడిందన్నవోడు రంగం ఊరంతట్లో ఒక్కడూ లేడు" అన్నాడు.

నేను తల ఊపాను. నాలుగేళ్లుగా ఆయన గురించి ఎవరు ఏ మంచి మాట చెప్పినా నేను తలే ఊపాను. ఇవాళ ఆయన్ని తలుచుకుంటూ రాయడానికి కూర్చున్నాను. ఆ ఒక్క బండి గురించి కూడా రాస్తాను. అది రాయకుండా మిగతాదంతా ఎంత బాగా రాసినా, మళ్లీ తల ఊపినట్టే అవుతుంది.

పెద్ద యుద్ధం ముగిసిన రెండేళ్లకు విశాఖపట్నంలో స్టీమరెక్కి రంగూను వచ్చాను. రేవులో బియ్యం బస్తాలు మోశాను. తర్వాత మోటారు తోలడం నేర్చుకుని, ఒక బర్మా మిల్లు యజమాని ఇంట్లో డ్రైవరుగా కుదిరాను. ఆ ఇంటి మోటార్లన్నీ చూసేది మేస్త్రీయే. బర్మావాళ్లు ఆయన్ని 'సయా' అనేవారు. గురువుగారూ అన్నట్టు. మన వైపు మనిషి కనక నేను 'మావా' అనేవాణ్ణి.

ఆ ఇంట్లో ఒక ముసలి మోటారు ఉండేది. యజమాని తండ్రి కొన్నది. ఇత్తడి దీపాలు, తోలు టాపు, ఎడ్లబండికి ఉన్నట్టు కర్ర ఆకుల చక్రాలు. కొత్త మోటార్లు వచ్చినా దాన్ని అమ్మలేదు. చనిపోయిన పెద్దాయన భార్య, మేమంతా పెద్దమ్మగారు అనే ఆవిడ, వేరే బండి ఎక్కేది కాదు. రంగూను వానలకు కర్రా తోలూ ఆగవు. అందుకని తొలి వానకే దాన్ని షెడ్డులో దిమ్మల మీదికి ఎక్కించి, టైర్లు విప్పి, ఇంజనులో నూనె పోసి పడుకోబెట్టేవారు. వానలు వెలిసి, బర్మావాళ్ల దీపాల పండగ పున్నమికి ముందు, మళ్లీ లేపేవారు.

ఆ లేపడం చూసి తీరాలి. మొదటిరోజు మేస్త్రీ పనిముట్టు ముట్టుకునేవాడు కాదు. తలుపులు బార్లా తీసి, ముక్కాలి పీట వేసుకుని, బండికెదురుగా కూర్చునేవాడు. సీట్లు వాసన చూసేవాడు. ఇంజను చల్లబరిచే నీళ్ల తొట్టి అడుగున మిగిలిన చుక్క వేలితో తీసి నాలిక మీద వేసుకుని, "తుప్పు తక్కువే" అనేవాడు.

"ఇంజను తిప్పి చూద్దామా మావా?" అని తొలి ఏడు తొందరపడ్డాను.

"ఏటా తొందర? దానికి నిద్దరెలా పట్టిందో ముందు సూడాల. లేపడం తరవాత" అన్నాడు.

ఒక ఏడాది సీటు స్ప్రింగుల్లో ఎలక పిల్లలు పెట్టింది. కళ్లు తెరవని ఆరు గులాబీరంగు పిల్లలు. తలగుడ్డ విప్పి వాటిని అందులోకి ఎత్తి, కట్టెల కుప్ప వెనక దించి వచ్చాడు. వచ్చాక, కొరికేసిన తోలు చూసి, ఆ ఎలక వంశాన్నంతటినీ అరగంట తిట్టాడు.

బండి ముందు హ్యాండిలు తిప్పి ఇంజను లేపడం నా చెయ్యి పట్టుకుని నేర్పాడు. "బొటనేలు సుట్టకు. మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఎట్టు. ఎనక్కి తన్నిందంటే ఇరగ్గొట్టీస్తాది." ఆయన బొటనవేలు వంకరగా ఉండేది. అది ఎలా వంకరయిందో అడగక్కర్లేకపోయింది. చక్రాలు చూడటమూ ఆయనే నేర్పాడు. ప్రతి ఆకునూ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినాలి. "ఇనుము సెడితే కంటికి కనపడతాది. కర్రకి సెద పడితే పైకేటీ తెలీదు. తట్టి ఇను."

నాలుగో ఏడు, అలా తడుతుంటే వెనక ఎడమ చక్రంలో రెండు ఆకులు గుల్లగా పలికాయి. మేస్త్రీని పిలిచాను. ఆయన తట్టి విన్నాడు. మళ్లీ విన్నాడు. మూడోసారి తట్టలేదు.

"మార్చాలి కదా మావా?"

"మార్చాల. సంచౌంగ్ పేటలో వడ్రంగి పది రోజులు అడగతాడు. పున్నమికి నాలుగు రోజులే ఉన్నాది."

పున్నమినాడు పెద్దమ్మగారిని ఆ బండిలో పగోడాకి పంపుతానని ఆయన అప్పటికే మాటిచ్చాడు. ఆవిడ ఆ ఏడంతా మంచం మీదే ఉంది. భర్త బండిలో ఒక్కసారి వెళ్లి దీపం పెట్టుకుంటే చాలంటోంది. మాట తప్పడం మేస్త్రీకి తెలీదు. ఎప్పుడూ తప్పలేదు. ఆ మధ్యాహ్నం రంపపు పొట్టు సరేసు బంకలో కలిపి, ఆకుల్లో చెద తిన్న చోట కూరాడు. మర్నాడు ఎర్ర రంగు వేశాడు. నిజంగా కొత్త చక్రంలా ఉంది.

"మెల్లగా తోలు. పండగెల్లినాక మార్చీద్దాం. నీకేటీ అవదు, నానున్నాను" అన్నాడు.

నమ్మాను. ఇంజను విషయంలో, చక్రం విషయంలో ఆయన మాట నాకు తల్లి మాట లాంటిది.

వెళ్లేటప్పుడు ఏమీ కాలేదు. పెద్దమ్మగారు దీపం పెట్టుకుంది. తిరిగొస్తూ చెరువు పక్క వాలులో మలుపు తిప్పుతుంటే వెనక ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. బండి ఎడమకి కూలింది. ఆవిడకి మోచెయ్యి గీరుకుంది, అంతే. నన్ను విసిరేసింది. బండి అంచు నా కుడి తొడ మీద పడింది.

ఆసుపత్రిలో రెండోరోజు యజమాని వచ్చాడు. మేస్త్రీ నా కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"సయా, ఆ చక్రం చూసుకోలేదా?" అని యజమాని అడిగాడు.

మేస్త్రీ నా వైపు చూడలేదు. "సూసినాను బాబూ. మార్చమన్నాను. పండగ ఎల్లనీ అని ఈడే రంగేసీసినాడు" అన్నాడు.

నేను మేస్త్రీ మొహమే చూస్తున్నాను. ఆయన ఇంకో మాట అంటాడని, కాదు బాబూ నేనే అని సర్దుకుంటాడని ఎదురుచూశాను. యజమాని అటు తిరిగి వెళ్లిపోయేదాకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

ఇద్దరమే మిగిలాక ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. "నీకు వయసుంది నాన్నా. ఇంకో ఇల్లు దొరుకుతాది. ఈ పేరు పోతే నాకింకేటున్నాది?" అన్నాడు.

ఆరు వారాలు రోజూ వచ్చాడు. గంజి, చేపల పులుసు తెచ్చేవాడు. ముళ్లు తీసి పెట్టేవాడు. నా గోళ్లు కత్తిరించాడు. తండ్రి కూడా నాకంత చెయ్యలేదు. కోపంతో గిన్నె విసిరికొట్టానని రాయగలిగితే బాగుండేది. నేను తిన్నాను. ఆయన చేతి ముద్ద తింటూ, ఇవాళ చెప్తాడేమో యజమానికి, రేపు చెప్తాడేమో అనుకున్నాను.

కాలు రెండంగుళాలు పొట్టిగా అతికింది. నాకు ఇంకో ఇల్లు దొరకలేదు. పెద్దామెను పడేసిన డ్రైవరన్న మాట నాకంటే ముందే ప్రతి ఇంటికీ చేరేది. చివరికి తామ్వేలో ఈ షెడ్డు వేసుకుని, ఇతరుల మోటార్లు బాగుచేసి బతుకుతున్నాను. ఆయన నేర్పిన విద్యతోనే. అది నేను దాచను.

రెండేళ్ల కిందట ఒకసారి ఇక్కడికి వచ్చాడు. ఖాళీ నూనె డబ్బా మీద కూర్చుని నా పని చూశాడు. అప్పుడే ఒక పెద్దమనిషి పెళ్లికని బండి తొందర పెడుతున్నాడు. చక్రం బాగులేదు, వారం ఆగాలి, లేదా ఇంకో బండి చూసుకోండి అన్నాను. ఆ పెద్దమనిషి తిట్టుకుంటూ వెళ్లాడు.

"నిజం ఎప్పుడు చెప్తావు మావా?" అని అడిగాను.

"సెప్తాను. నీ ఒట్టు. ఓ మంచిరోజు సూసి నానే ఎల్లి సెప్తాను" అన్నాడు.

మాట తప్పని మనిషి కదా. మళ్లీ నమ్మాను.

ఆ ఆదివారం లమ్మడాలో మేస్త్రీ ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో జనం నిండిపోయారు. యజమాని కూడా వచ్చాడు. నన్ను చూసి దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోయిన నెల సయా నీ కోసమే మా ఇంటికి వచ్చాడు" అన్నాడు బర్మాలో.

నిజం చెప్పేశాడనుకున్నాను.

"కుర్రతనంలో తప్పు చేశాడు, వాణ్ణి క్షమించండి, మళ్లీ పనిలో పెట్టుకోండి అని బతిమాలాడు. మా అమ్మ కూడా పోయింది. ఇంక నాకు కోపం లేదు. వచ్చి చేరు."

తాను చేసిన తప్పుకి నన్ను క్షమించమని వెళ్లి అడిగాడు. దయగా అడిగాడు. బహుశా చెబుదామనే బయలుదేరి, ఆ గుమ్మంలో నిలబడ్డాక అంతవరకే నోరొచ్చిందేమో. నాకు తెలీదు. ఎంత ఆలోచించినా నా కోపం తగ్గలేదు.

"బాబూ, ఆ చక్రానికి రంగు వేసింది..." అన్నాను.

వెనక నుంచి మేస్త్రీ భార్య పిలిచింది. కొడుకుల్లేని మనిషి. జుట్టు విరబోసుకుని గడప పట్టుకుని నిలబడింది.

"ఒరే నాయినా, వొచ్చినావా? నీ పేరే ఎక్కువ తలిసీవోడు. పాడె తల కాడ నువ్వే పట్టరా."

యజమాని నా మాట పూర్తవుతుందని చూస్తున్నాడు. తర్వాత చెప్తానన్నాను. ఆ మాట ఇక్కడ, ఈ కాగితం మీద పూర్తి చేశాను. యజమాని దీన్ని తెలుగు వచ్చిన ఎవరిచేతనైనా చదివించుకుంటాడు. మేస్త్రీ భార్యకు మాత్రం ఎవరూ చదివి వినిపించకుండా ఉంటే బాగుణ్ణు.

పాడె తల వైపు కుడి కొమ్ము భుజానికెత్తుకున్నాను. నాలుగు అడుగులకే ఊగింది. నా పొట్టికాలు పడ్డప్పుడల్లా నా పక్క కిందికి దిగుతోంది. "మార్చుకోండి, ఇంకెవరైనా పట్టండి" అన్నారెవరో. నేను వదల్లేదు. మిగతా ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని అడుగు తగ్గించారు. వెనక జనమూ తగ్గించారు. ట్రాము ఆగింది. లమ్మడా వీధిలో అందరం నా కుంటి నడకతోనే నడిచాం. అడుగడుక్కీ ఆయన తల దండల్లోంచి నా భుజం వైపు కొంచెం ఒరిగేది, మళ్లీ తిన్నగా అయ్యేది.