మూడోసారి తిరిగొచ్చిన గ్లూకోమీటర్

2006. అనకాపల్లి చుట్టూ బెల్లం వండే కాలం. ఆ రోజుల్లో కిటికీ తెరిచి కాఫీ కప్పు బయట పెడితే, పంచదార దానంతటదే పడేదని నేనంటే ఆఫీసులో నవ్వేవారు. వైద్య పరికరాలు అమ్మే ఓ కంపెనీలో ఫిర్యాదుల సూపర్‌వైజర్‌ని. వేలు పొడిచి తీసిన రక్తపు చుక్కలో షుగర్ ఎంతుందో చెప్పేది గ్లూకోమీటర్. దానిమీద ఫిర్యాదొస్తే కంట్రోల్ సొల్యూషన్, అంటే షుగర్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం, వేసి చూస్తాం. సరిగ్గా చూపిస్తే ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని ఫైలు మూసేస్తాం.

కొండకర్ల వైపు బెల్లం వండే అప్పారావు మీటరును అలా రెండుసార్లు మూసేశాను. మూడోసారి దాంతోపాటు ఆయన భార్య నూకాలమ్మ వచ్చింది.

“మిసను మంచిదేనని రాసీసినారు. మరి మా ఆయన సెడ్డోడా బాబూ? నాలుగొందలు సూపిత్తందని డాక్టరు ఇన్సులిన్ పెంచీసినారు. మొన్న కళ్లు తిరిగి పెనం పక్కనే పడిపోయేడు. ఓ అడుగు ఇటైతే మరిగే పాకంలోనే!”

మర్నాడు పొద్దున్నే వాళ్ల దగ్గరికి వెళ్లాను.

ఆవ అనే పెద్ద చెరువు మీంచి వచ్చే మంచు, పెనం మీంచి లేచే ఆవిరి కలిసిపోయి, మనుషులు నేలకి జానెడు ఎత్తున నడుస్తున్నట్టున్నారు. పక్షులు ఆ తీపి మబ్బులోకి దూరి, ఎటెళ్లాలో మరిచిపోయి వెనక్కొచ్చాయి. నేను చూశాను. అప్పారావు పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూశాడు. తువ్వాలుకి తుడుచుకుని అదే వేలు పొడిచాడు. 412.

“చేతులు కడుక్కోలేదేం?”

“తుడిసేను కదేటి సార్! మా తల్లి మీద ఒట్టు, డాక్టరు ఒద్దన్నాక ఒక్క ముక్క నాకలేదు.”

సబ్బుతో రెండుసార్లు కడిగించి, ఇంకో వేలు పొడిపించాను. 118.

నూకాలమ్మ మీటరు లాక్కుని ఆ అంకె చూసి, మొగుడి వైపు తిరిగింది. “అయితే నువ్వు దొంగసాటుగా తిన్లేదా?”

“మూడు నెల్లబట్టీ దొంగని సేసీసినావు గదే!” అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

ఆ పూటే ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన అప్పారావు చేతి నరం నుంచి రక్తం తీయించి చూసి, ఇన్సులిన్ తగ్గించారు.

ఆఫీసులో నా అసిస్టెంటు అడిగింది: “యూజర్ ఎర్రర్, వాడినవాళ్ల తప్పు, అని రాసేయమంటారా?”

వద్దన్నాను. మీటరుతో ఇచ్చే మా సూచనల కాగితంలో ‘వేలు శుభ్రంగా తుడవండి’ అని ఉంది. ఆయన తుడిచాడు. మా పరీక్షలో అన్నీ ఉన్నాయి, ఆయన వేలొక్కటే లేదు. తప్పు మాదేనని రాసి, ‘తుడవండి’ కొట్టేయించి ‘సబ్బుతో కడగండి’ అని వేయించాను. ఆ తర్వాత ఏ మీటరొచ్చినా, దాన్ని ముట్టుకోకముందే ఫోన్ చేసి ఒకటే అడిగేవాణ్ణి: “మీరేం పని చేస్తారు?”