కాలరక్క కత్తెర పట్టిన నెల

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరక్క అనేవారు. పదిహేడేళ్లుగా కాలర్లు తప్ప ఆమె మరొకటి కుట్టలేదు. కత్తిరించిన ముక్కలు ఎడమచేతి పక్కకు కట్టలుగా వచ్చేవి. మొనలు తేరి, కట్టలుగానే వెళ్లిపోయేవి. గోడమీది నల్లబల్లపై, ఎవరెన్ని కుట్టారో రాసేచోట, ఆమె ఏనాడూ మొదటి వరుస దిగలేదు.

ఆ మొదటి వరుసే ఆమెకు సంకెలయింది. ఏటా ఆమెది ఒకటే కోరిక: కత్తిరింపు నేర్పించండి. ఏటా ఒకటే జవాబు: "నువ్వు లేస్తే ఆ మిషను మీద ఎవరు కూర్చుంటారమ్మా?" పని రానివారిని పనికిరారని ఆపుతారు, పని బాగా వచ్చినవారిని పనికొస్తారని ఆపుతారు. ఈ న్యాయం ఎవరు రాశారో గాని, దీనిమీద అప్పీలు మాత్రం ఎక్కడా లేదు.

ఈసారి ఆమె రాజీనామా ఉత్తరం రాసి మేనేజరు ముందు పెట్టింది. అప్పుడు కదిలాడాయన.

"నెలరోజులపాటు రోజుకో గంట కత్తిరింపు నేర్చుకో. నెలాఖరున ఒక చొక్కా మొత్తం నువ్వే చెయ్యాలి. కుదిరితే కత్తిరింపు బల్ల నీది, లేదంటే మళ్లీ కాలర్లే. అందాకా ఈ ఉత్తరం నీ దగ్గరే ఉంచుకో."

మొదటిరోజు కటింగ్ మాస్టరుతో అంది: "అన్నయ్యా, చెయ్యి వణుకుతోంది."

"వణకనీ చెల్లెమ్మా. గీత వణక్కపోతే చాలు."

ఆ నెల నల్లబల్లపై ఆమె మూడో వరుసకు జారింది. "ర్యాంకు పోయినా కూనిరాగాలేంటోయ్?" అని భర్త ఏడిపించాడు. నిజమే, ఆమె ఇప్పుడు గంట మోగకముందే ఫ్యాక్టరీలో ఉంటోంది.

పరీక్షరోజు గుడ్డ కొలిచి ఇచ్చారు. మేనేజరు నాలుగింటికి వస్తానన్నాడు. ముందుభాగాలు, వీపు, చేతులు, అన్నీ గీతమీదే తెగాయి, కుట్టాక చక్కగా కుదిరాయి. మూడయింది. అలవాటు కొద్దీ ఆమె ఎడమచెయ్యి కాలర్ ముక్క కోసం పక్కకు వెళ్లింది. అక్కడ ఏమీ లేదు.

మాస్టరు పకపకా నవ్వాడు. "పెళ్లికి ఊరందరినీ పిలిచి పెళ్లికూతుర్ని మరిచావే!"

"అది ఎప్పుడూ కత్తిరించే వచ్చేది కదన్నయ్యా..." అంటూ ఆమె కత్తెర కింద పెట్టేసింది. మాస్టరు నవ్వు ఆగిపోయింది. మెల్లగా మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు.

మిగిలింది సన్నని పీలిక. మడత కాలర్‌కు చాలదు; మెడచుట్టూ నిలబడే పట్టీ కాలర్‌కైతే సరిపోవచ్చు. కొలతకు కాగితం కావాలి. ఆమె సంచిలోంచి ఉత్తరం తీసింది, వెనకవైపు గీత గీసింది, కత్తిరించింది. ఆ కొలతకే పీలికను కోసి చొక్కాకు కుట్టింది.

నాలుగింటికి మేనేజరు వచ్చాడు. "ఇదేంటి, మడత లేదే?"

"కాలర్ ముక్క తియ్యడం మరిచిపోయాను సార్. మిగిలిన గుడ్డలో ఇదే వచ్చింది."

ఆయన పట్టీ రెండు కొసలనూ కలిపి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"తప్పు చేసీ దిద్దుకున్నావు. రేపట్నుంచి ఆ బల్ల దగ్గరికి రా. మరి ఆ ఉత్తరం?"

ఆమె కాగితపు పట్టీని అందించింది. 'ఉద్యోగం మాను' అన్నంతవరకే మిగిలింది. తక్కినది కత్తెరకు పోయింది.

"తీరా గెలిచాక ఎగరేద్దామంటే," అన్నాడు మాస్టరు కళ్లు తుడుచుకుంటూ, "ఎగరేసేందుకు వీల్లేని కాలర్ కుట్టుకున్నావే, చెల్లెమ్మా!"