ఒక సీఎల్, ఒక గుండ్రం స్టాంపు

మొన్న నేను సీఎల్ పెట్టిన గదా. ఆ సెలవునాడు మధ్యాహ్నం నేను ఎక్కడ ఉన్ననో తెలుసా? మా ఆఫీసులనే! అది గూడ నా కుర్చీల గాదు, గుమ్మం బయట, దరఖాస్తు పట్టుకొని! అప్పుడే నవ్వకుండ్రి. చాయ్ తాగుకుంట వినుండ్రి, మొదటి నుంచి చెప్త.

మా అక్షితకు పాలిటెక్నిక్ పరీక్షల మంచి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ కోదాడల. మొన్ననే ఆఖరు రోజు. అది దాటితే ఈ ఏడు సీటు సంగతి మరిచిపోవుడే. పిల్ల వారం రోజుల సంది "అమ్మా, అన్ని కాగితాలు సూసినవా? అమ్మా, మల్లొకసారి సూడు" అని నా పానం తీసింది. నాకు కోపమొచ్చింది. "ఏందే, పద్నాలుగేండ్ల సంది బడిల క్లర్కును. సర్టిఫికెట్లు రాసేదే నేను. నాకు నువ్వు చెప్తవా?" అన్న.

పొద్దుగాలనే సూర్యాపేటల బస్సెక్కినం. నా ఫైలు చూడాలె మీరు! జిప్పు ఫైలు. ఒక్కో కాగితానికి ఒక్కో కవరు. కవరు మీద స్కెచ్ పెన్నుతోటి పేర్లు. పక్క సీట్ల ఆమె "జర చూడనీయమ్మా, మా పిల్లకు గూడ గిట్లనే పెడ్త" అంటే తీసి చూపించిన గూడ. చివ్వెంల దాటిందాక అదే ముచ్చట. గంత గర్వం!

కోదాడల గంట సేపు లైను. మా వంతు వచ్చింది. టేబుల్ వెనక ఒక సారు ఉన్నరు. మెత్తటి మనిషి, అద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నయ్. ఒక్కో కాగితం తిప్పుతున్నరు. పదో తరగతి మెమో ఓకే. కులం సర్టిఫికెట్ ఓకే. ఆదాయం ఓకే. నాలుగు, అయిదు తరగతులు ప్రైవేటు బడిల చదివింది. వాళ్ళు ఇచ్చిన కాగితం మీద మూడు స్టాంపులు ఉన్నయ్, అది గూడ ఓకే. ఆరు నుంచి పది దాక మునగాల దిక్కు మా సర్కారు బడి. రోజూ నాతోనే బస్సుల వచ్చి చదువుకుంది. ఆ బోనఫైడ్ కాడికి వచ్చేసరికి సారు ఆగిండ్రు. వెనక్కి తిప్పి చూసిండ్రు. మల్ల ముందుకు తిప్పిండ్రు.

"ఏంటమ్మా ఇది? హెడ్మాస్టర్ గారి సంతకం ఉంది. స్కూలు గుండ్రం స్టాంపు ఏది?"

వంగి చూసిన. నిజంగనే లేదు! ఆ కాగితం రాసింది నేను. సంతకం పెట్టించింది నేను. స్టాంపు మరిచింది గూడ నేనే. ఆ రోజు ఊరందరి పిల్లల కాగితాలకు వరుసగ కొట్టుకుంట పోయి, మా పిల్లది మాత్రం "ఇంటి కాగితమే గదా, తర్వాత కొడితే ఏమాయె" అని పక్కకు పెట్టిన. ఆ 'తర్వాత' అనేది ఇగ రానేలేదు.

"ఎవరమ్మా ఆ స్కూల్లో క్లర్కు? పిల్లల భవిష్యత్తుతో ఆటలాడుతున్నారా?" అన్నరు సారు.

నేనేమనాలె? "నేనే సార్" అనాలె. అందామనే నోరు తెరిచిన. బయటికి ఏమొచ్చిందంటే... "ఈ క్లర్కులు గంతే సార్! పట్టింపే ఉండదు!"

అక్షిత నా దిక్కు చూసింది. చున్నీ తీసి నోట్లె కుక్కుకుంది.

"నాలుగింటి దాకా ఉంటామమ్మా. స్టాంపు వేయించుకొని వచ్చేయండి," అన్నరు సారు.

బయటికొచ్చి మా హెచ్చెం సారుకు ఫోన్ చేసిన. "సార్, జర కొత్త బోనఫైడ్ ఒకటి రాయించి, స్టాంపు కొట్టి ఎవరితోనన్న పంపరాదు?"

"స్టాంపు బీరువాల ఉన్నది గదా మేడం."

"అవును సార్."

"బీరువా తాళంచెవి?"

బ్యాగుల చెయ్యి పెట్టిన. తగిలింది. "నా కాడనే ఉన్నది సార్."

అవతల దగ్గు వినబడ్డది. నవ్వు ఆపుకునే దగ్గు నాకు తెల్వదా?

మా ఆయన మిర్యాలగూడ రైస్ మిల్లుల సూపర్‌వైజర్. ఏడుపు గొంతుతోటి ఆయనకు చెప్పుకున్న. ధైర్యం చెప్తడనుకుంటే, "నీ కాడికొచ్చి తిరిగిపోయినోళ్ళ ఉసురు తగిలిందే!" అన్నడు. టక్కున ఫోన్ కట్ చేసిన.

పిల్లను కోదాడలనే కూసోబెట్టి, ఒక్కదాన్నే మునగాల బస్సెక్కిన. బస్సు దిగి, ఆటో పట్టి బడికి పోయేసరికి ఒంటిగంట దాటింది. ఆఫీసు గుమ్మంల స్టూలు వేసుకొని మా అటెండర్ సైదమ్మ కూసున్నది. నన్ను చూసి రెండు కాళ్ళు అడ్డం పెట్టింది.

"ఏం పని మేడం?"

"ఏం పనేంది సైదమ్మా, జరుగు! టైం లేదు!"

"మీరు సెలవుల ఉన్నరు. సెలవుల ఉంటే మీరు గూడ పబ్లిక్కే. దరఖాస్తు లేకుండ పబ్లిక్‌ను లోపలికి పంపొద్దని నాకు ఎవరు చెప్పిండ్రు?" అనుకుంట తలుపు మీది కాగితం చూపించింది. నా రాతే! ఎర్ర సిరా. 'దరఖాస్తు లేనిదే లోనికి రారాదు'. కింద రెండు గీతలు గూడ నేనే కొట్టిన.

లోపలి నుంచి హెచ్చెం సారు గొంతు వచ్చింది. "రూల్ రూలే గదా మేడం!" టిఫిన్ బాక్సు ముందర పెట్టుకొని సారు మస్తు సంబురంగ ఉన్నరు.

వరండ అవతలి కొసకు, మా మాటలు వినబడనంత దూరంల, బెంచి మీద నడిగూడెం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూసున్నడు. మనుమరాలి బోనఫైడ్ కోసమట. నా తిప్పలు చూసి, "కాగితం లేదా బిడ్డా? నా కాడ ఇంకోటి ఉన్నది, తీసుకో" అని తెల్లకాగితం ఇచ్చిండు. "మా కోడలు మూడుసార్లు తిరిగింది బిడ్డా. ఈడ క్లర్కు మేడం తప్పులు పట్టి మల్ల రాయమంటదట. రెండు కాగితాలు తీస్కపో మామా అని చెప్పి పంపింది."

ఆ మేడంతోనే మాట్లాడుతున్నడని పాపం ఆయనకు తెల్వదు. నిజం చెప్తున్న, మస్తు సిగ్గనిపించింది. తల వంచుకొని రాసిన. 'క్లర్కు నిర్లక్ష్యం వల్ల నా కూతురి బోనఫైడ్‌పై స్టాంపు పడలేదు. కావున దయతలచి...' హెచ్చెం సారు దాన్ని పైకి చదివి, "నిర్లక్ష్యం అన్నది మీరే, నేను గాదు" అని సంతకం పెట్టిండ్రు. అప్పుడు గని సైదమ్మ కాళ్ళు తియ్యలేదు.

బీరువా తెరిచి, స్టాంపు తీసి, మా పిల్ల కాగితం మీద ఒక్కటి కొట్టిన. టేబుల్ కదిలింది! పెద్దాయన బోనఫైడ్ గూడ అప్పటికప్పుడు రాసి, సంతకం పెట్టించి, స్టాంపు కొట్టి చేతుల పెట్టిన. ఆయన నమ్మలేకపోయిండు.

"గింత జల్దినా! నువ్వు సల్లగుండాలె బిడ్డా. ఆ మేడం ఇయ్యాల సెలవట. నా అదృష్టం!"

సైదమ్మ స్టూలు వదిలేసి బయటికి ఉరికింది. మూలమలుపు దాక ఆమె నవ్వు వినబడ్డది.

మల్ల ఆటో, మల్ల బస్సు. కోదాడల ఉరుక్కుంట లోపలికి పోయేసరికి నాలుగుకు పది నిమిషాలు. పిల్ల మొఖం అప్పటికే ఏడ్చేటట్టున్నది. సారు కాగితం చూసి తల ఊపిండ్రు. "ఆ, ఇప్పుడు బాగుంది. ఈ ఫారం మీద తల్లి సంతకం పెట్టండమ్మా."

పెట్టిన. సారు కాగితాలన్ని ఒకదాని మీద ఒకటి సర్దుతున్నరు. సర్దుకుంట సర్దుకుంట ఆగిపోయిండ్రు. బోనఫైడ్ కింద మూలకు 'సరిచూసినది' అన్నకాడ క్లర్కు సంతకం. ఫారం మీద తల్లి సంతకం. రెండిట్ల అదే వంకర, అదే పొడుగు తోక, తోక కింద అవే రెండు చుక్కలు. అటు చూసిండ్రు. ఇటు చూసిండ్రు. అద్దాలు పైకి తోసుకొని నన్ను చూసిండ్రు. నేను పైకి ఫ్యాను దిక్కు చూసిన. అక్షిత నా చెయ్యి గట్టిగ పట్టుకుంది. ఇగ సీటు పోయిందనే అనుకున్న.

సారు పిన్ను కొట్టిండ్రు. రసీదు చింపి పిల్ల చేతికిచ్చి, "అయిపోయిందమ్మా, బాగా చదువుకో" అన్నరు. తర్వాత నా దిక్కు వంగి, మెల్లగ అన్నరు.

"మేడం, ఆ క్లర్కు గారిని ఏమీ అనకండి. పాపం, ఇంట్లో పిల్లల చదువుల టెన్షన్ ఉండుంటుంది."

"నేనేమంట సార్," అన్న. "పొద్దటి సంది దొరికినోళ్ళు దొరికినట్టు అంటనే ఉన్నరు ఆమెను!"