నలభై ఒక్క ఇళ్ల సబ్బులక్క

సబ్బులక్క భుజాన ఎప్పుడూ ఒక రెగ్జిన్ సంచీ వేలాడేది. పైవరసలో బట్టల సబ్బులు, ఒంటి సబ్బులు. అడుగు వరసలోనూ సబ్బు అట్టపెట్టెలే, కానీ వాటిలో సబ్బులుండవు, హెచ్‌ఐవీ మాత్రలుంటాయి. ఊళ్లో నలభై ఒక్క ఇళ్లకు నెలకోసారి ఆమె అలా మందులు చేర్చేది. గుమ్మం ముందు నిలబడి "సబ్బులు కావాలామ్మా" అని కేకేస్తే, కావలసినవాళ్లు వచ్చి అడుగు వరసలోది తీసుకునేవాళ్లు. పదకొండేళ్లలో ఒక్క పేరు కూడా పక్కింటికి పొక్కలేదు.

ఈ కిటుకు ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆ జబ్బు ఆమెకూ ఉంది. మొగుడు పోతూ పోతూ ఇచ్చిపోయిన ఆస్తి అదొక్కటే. మందుల కోసం ఆసుపత్రికి వెళ్లి, తెలిసినవాళ్లు చూస్తారేమోనని స్తంభాల చాటున నక్కిన రోజులు ఆమె మరిచిపోలేదు. జీతమిచ్చే విదేశీ సంస్థవాళ్లు "మీ పనివిధానం వివరించండి" అని అడిగితే, "సబ్బులమ్ముతానండి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. వాళ్లు దాని మీద అరవై పేజీల పుస్తకం వేయించారు. అందులో సబ్బు అన్న మాట ఎక్కడా లేదు.

ఆ సంస్థకు ఉన్నట్టుండి ఓ రోజు మన స్వావలంబన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. డబ్బు ఆపేస్తున్నాం అని చెప్పడానికి నామోషీ, అందుకని దానికి "బాధ్యతల బదిలీ" అని పేరు పెట్టారు. ఇకమీదట కార్యక్రమమంతా ప్రభుత్వమే నడుపుకుంటుందట. ఏసీ హాల్లో సభ పెట్టారు. విదేశీ సలహాదారు రెండు గంటలపాటు తెర మీద బాణం గుర్తులు చూపించాడు. ఒక బాణం వాళ్ల నుంచి ప్రభుత్వానికి, ఇంకోటి ప్రభుత్వం నుంచి ప్రజలకు. అట్టతో చేసి బంగారు కాగితం అంటించిన నిలువెత్తు తాళంచెవిని అందుకుని ఆరోగ్యశాఖ అధికారి ఫోటోకు పళ్లికిలించాడు. ఇల్లిల్లూ తిరిగే మనిషికి మాత్రం వెనక వరసలో, స్పీకరు పక్కన కుర్చీ వేశారు. చెవులు గింగురుమనడం తప్ప ఆమెకు ఒరిగిందేమీ లేదు.

మర్నాడు అధికారి ఆమెను పిలిపించాడు.

"పేషెంట్ల అడ్రసులు మీ దగ్గర లేవటగా?"

"ఎందుకు లేవండీ, ఉన్నాయి. కాగితం మీద లేవు, అంతే."

"కాగితం మీద లేకపోతే లేనట్టే. కార్డుంది, ఫోటో ఉంది, అడ్రసు గడి ఖాళీ. అది నింపకపోతే కంప్యూటర్ మందులు విడుదల చెయ్యదు."

"ఎప్పట్లా నా చేతికివ్వండి సార్. నేను ఇచ్చొస్తాను."

"మీ ఉద్యోగం మా జాబితాలో లేదమ్మా. ఇక జీపే వెళ్తుంది."

ఉద్యోగం పోయిందన్న మాట ఆమె చెవికెక్కలేదు. ఆమె మనసంతా లారీ డ్రైవరు భార్య మీద ఉంది. ఆ పిల్లకు ఏడో నెల. మందులు ఆగితే కడుపులో బిడ్డకూ అంటుకోవచ్చు. ఇంట్లో ఐదు రోజుల మాత్రలే మిగిలాయి. జబ్బు తెచ్చిన మొగుడు తన మాత్రలు లారీలో దాచుకుని దేశాలు తిరుగుతున్నాడు గానీ, తల్లికి నిజం చెప్పే ధైర్యం ఆ మీసాలకు లేదు. అత్తకు తెలిస్తే ఆ పిల్లను ఒక్క పూట కూడా ఉండనివ్వదు.

"ఎవరికీ తెలియకూడదు సార్" అంది.

"గోప్యత మా మొదటి నియమం" అంటూ అధికారి గోడ మీది కాగితం చూపించాడు. అందులో నిజంగానే అది మొదటి నియమం. పదకొండేళ్లుగా సొంత నీడను కూడా నమ్మని మనిషి, లామినేషన్ చేసిన కాగితాన్ని నమ్మింది. నలభై ఒక్క ఇళ్లూ ఒక్కొక్కటే చెప్పి రాయించింది.

ఒకటో తారీకున జీపు బయల్దేరింది. తెల్లటి కొత్త జీపు, రెండు పక్కలా "ఎయిడ్స్ రోగులకు ఇంటింటికీ మందులు" అని ఎర్ర అక్షరాలు. పెయింటరు రంగుకు వెనకాడలేదు. కళ్లజోడు మరిచిపోయిన ముసలాయన కూడా వీధి చివర నుంచి చదువుకోవచ్చు. అది మొదట లారీ డ్రైవరు ఇంటివైపే తిరగడం చూసి సబ్బులక్క సంచీతో సహా పరుగెత్తింది. ఆమె చేరేసరికి మందుల ఉద్యోగి గుమ్మం ముందు నిలబడి, అట్టకు తగిలించిన జాబితా చూసి ఆ పిల్ల పేరు ఇంటిపేరుతో సహా చదువుతున్నాడు. అత్త గడపలో ఉంది. వీధిలో వాళ్లందరికీ ఒక్కసారిగా బయట పని పడింది.

"అది నేనే బాబూ" అంది సబ్బులక్క రొప్పుతూ. "నా మందులే అవి. ఇంటి నంబరు తప్పు చెప్పాను. ఇటివ్వు."

ఆ మాటతో ఆ వీధిలో తన సబ్బు కొనేవాళ్లుండరని ఆమెకు తెలుసు. తెలిసే అంది. బుద్ధున్నవాడైతే ఇచ్చేసి తన దారిన పోయేవాడు. ఆ మహానుభావుడికి బుద్ధి ఉండాల్సిన చోట నిబంధనలున్నాయి.

"ఫోటోలో మీరు కాదే" అన్నాడు. అని ఊరుకోకుండా, కార్డు పైకెత్తి అత్తకు చూపించాడు. "చూడండమ్మా, ఈమెనేనా?"

అత్త చూసింది. వెనక్కి తిరిగి కోడలి వైపు చూసింది. ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని మెల్లగా గడప దాటి వచ్చింది.

"నావేనండీ, ఇవ్వండి" అంది.

ఉద్యోగి సంతకం పెట్టించుకుని మందులిచ్చాడు. ఆ పిల్ల బయట ఉండగానే వెనక తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వీధంతా వినబడింది.

"మిగతా ఇళ్లు మీరు దగ్గరుండి చూపిస్తే తొందరగా అయిపోతుంది" అన్నాడు ఉద్యోగి సబ్బులక్కతో.

సబ్బులక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతని చేతిలోని అట్ట లాక్కుని, ఆ పిల్లను జీపెక్కించి, తనూ పక్కన కూర్చుంది. "ముందు మీ ఆఫీసు చూపిస్తాను, పోనివ్వు."

అధికారి జరిగిందంతా విని "అయ్యో" అన్నాడు. ముద్ర వేసి ఇచ్చినట్టుంది ఆ అయ్యో. వెంటనే కంప్యూటర్ వైపు తిరిగాడు.

"అయితే ఈమె పాత అడ్రసు చెల్లదన్నమాట. వేరే ఏదైనా ఉందా? లేకపోతే వచ్చే నెల మందులు ఆగిపోతాయి."

"నాది రాయండి" అంది సబ్బులక్క. అతను రాసేదాకా ఆగింది. "మిగతా నలభై మందికీ నాదే రాయండి. ఇంటి మనిషిగా అందరివీ నేనే సంతకం పెట్టి తీసుకుంటాను."

"ఒకే ఇంట్లో నలభై ఒక్క మందా?"

"నాతో కలిపి నలభై రెండు. మీ కంప్యూటర్ ఏమైనా అంటుందా?"

అనలేదు. గడి నిండితే దానికి చాలు, అధికారికీ అంతే. ఒక్కో పేరు ఎదురుగా ఆమె ఒంటిగది నంబరు కొట్టుకుంటూ పోయాడు.

లారీ డ్రైవరు భార్య మందుల సీసా కొంగులో చుట్టుకుని కూర్చుంది. "అక్కా, ఆ జీపు నెలనెలా నీ గుమ్మం ముందు ఆగుతుంది కదా" అంది నెమ్మదిగా. "మీ ఇల్లుగలాయన ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. ఖాళీ చెయ్యమంటాడు. ఇద్దరం కలిసి ఇంకో గది వెతుక్కుందాంలే."

అధికారి ఆఖరి పేరు కొట్టి తలెత్తాడు.

"ఇల్లు మారేటట్టయితే పదిహేను రోజుల ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి" అన్నాడు.