నేను లేని లింగమూర్తి

లింగమూర్తికి ఉన్నది ఒక్కటే రోగం: చచ్చినా 'నేను' అనడు. రెండువేల ఎనిమిదిలో కాలనీ కమ్యూనిటీ హాలుకు ఒక స్వామి వచ్చి, జ్ఞానం కలిగినవాడికి 'నేను' అనేది మిగలదని మూడు రోజులు చెప్పి పోయాడు. విన్నవాళ్లంతా పులిహోర తిని ఆ సంగతి మరిచిపోయారు. గోదావరిఖనిలో ఒక బొగ్గు గనిలో ఊరే నీళ్లు తోడే పంపు ఖలాసీ అయిన లింగమూర్తి మాత్రం ఆ మాటను ఇంటికి తెచ్చుకున్నాడు.

మర్నాడు గని మీద హాజరు వేస్తూ గుమాస్తా యేసుకుమార్ పిలిచాడు.

"లింగమూర్తీ!"

"ఈ శరీరం వచ్చింది సార్."

"శరీరం వస్తే చాలు తియ్. నీళ్లు తోడెటందుకు ఆత్మతోని పనిలేదు."

ఇంట్లో భార్య శోభది ఇంకో బాధ.

"అన్నం తిన్నవా?"

"తినుడైంది."

"ఎవలు తిన్నరు?"

"ఆకలి తిన్నది."

"అయితే ఆ కంచం గూడ ఆకలినే కడగమను!"

వాళ్లుండే క్వార్టర్ల లైనుకు పెద్దదిక్కు అనసూర్య. ఎవరింట్లో కుక్కరు ఎన్ని కూతలు కూసిందో తెలియకపోతే ఆమెకు పూట గడవదు. ఆ రోజుల్లో ఆమెకు రెండు ఫికర్లుండేవి. లింగమూర్తి నోట 'నేను' అనిపించడం చిన్నది. చివరింటి సారవ్వ చేత అన్నం తినిపించడం పెద్దది. సారవ్వ కొడుకు కొమురెల్లి, లింగమూర్తితో కలిసి ఒకే పంపు మీద పనిచేసినవాడు, కామెర్లతో పోయాడు. అతని ఉద్యోగం కోడలికి వచ్చింది. ఆమె డ్యూటీకి పోతే ముసలమ్మ ఒక్కతే. చూపు ఆనదు, చెవి సరిగ్గా వినపడదు, కొడుకు పోయాడన్న మాట మనసుకు ఎక్కదు. ఎవరు అన్నం కలిపినా "కొడుకు షిఫ్టు దిగి రానీ, తింట" అని పక్కన పెట్టేది. చాయ నీళ్ల మీదే బతుకుతోంది. ఇట్లాగే ఉంటే నెల కూడా దాటదని దవాఖానలో చెప్పి పంపారు.

చిన్న ఫికరును అనసూర్య వాడకట్టు మీదనే తేల్చుకోవాలనుకుంది.

"తమ్మీ, జ్ఞానమొచ్చినంక మనిషి మిగుల్తడా, మొత్తానికే పోతడా?"

"గనిల ఊరిన నీళ్లను పంపు తోడి వాగుల పోస్తది గదక్కా. వాగుల కలిసినంక ఏ నీళ్లు ఏ గనివో చెప్పు చూద్దాం?"

"నల్లగుంటే మీ గనియే!"

లింగమూర్తి పగలబడి నవ్వాడు. నవ్వి కూడా 'ఓడిపోయిన' అనలేదు. "ఓటమి జరిగింది" అన్నాడు.

అరుగు మీద పేపరు చదువుతున్న రిటైర్డు పంతులు యేసుదానం సారు కళ్లజోడు తీశాడు. "పుస్తకంల 'వస్తున్నాను' అని ఉంటది. మనం 'వస్తున్న' అంటం. తోకకున్న 'ను'ను మన తాతలే కోసేసిండ్రమ్మా. సగం జ్ఞానం మనకు పుట్టుకతోనే వచ్చింది!"

"మిగిలిన సగం కోసమే ఈ తిప్పలు సార్" అన్నాడు లింగమూర్తి, ఎవరి తిప్పలో చెప్పకుండా.

ఇంతలో ఒక వింత జరిగింది. సారవ్వ గిన్నెలు ఖాళీ అవుతున్నాయి. వారం, పది రోజులు గడిచేసరికి ముసలమ్మ ముఖంలో కళ వచ్చింది. తినిపిస్తున్నది ఎవరు? అనసూర్యకు కంటి మీద కునుకు పట్టలేదు. మొదటి షిఫ్టు దిగే వేళకు పోయి, సారవ్వ పెరట్లో బీరపందిరి చాటున నక్కింది.

తలుపు చప్పుడైంది.

"ఎవలు?" అంది సారవ్వ.

"నేనే అవ్వా."

అనసూర్య నోరు తెరుచుకుపోయింది. అది లింగమూర్తి గొంతు! దొరికాడు దొంగ! లైనంతా వినపడేలా కేకేయబోయింది.

"వచ్చినవా కొడుకా! చేతులు కడుక్కో, ఇద్దరం తిందాం" అంది సారవ్వ.

కంచాలు దించిన చప్పుడు వినిపించింది. తెరిచిన నోటికి అనసూర్య కొంగు అడ్డం పెట్టుకుంది.

అతను బయటికి రాగానే కొంగు నడుముకు చుట్టి అడ్డం నిలబడింది. "నేనే అన్నవ్! ఈ చెవులతోని విన్న!"

లింగమూర్తి తప్పు చేసిన పిల్లాడిలా నేల చూశాడు. "మొదటి రోజు ఊరికే చూసిపోదామని వచ్చుడైంది అక్కా. 'ఎవలు?' అన్నది అవ్వ. 'కొమురెల్లిని' అంటే అబద్ధం. 'లింగమూర్తిని' అంటే ఆమె ముద్ద ముట్టది. 'నేనే' అనుడైంది. ఎవలనుకోవాల్నో ఆమెనే అనుకున్నది."

"మరి నీకు 'నేను' పోయింది గదా?"

"పోయింది గాబట్టే అక్కా. క్వార్టరు ఖాళీ అయితే ఇంకొకలకు అలాట్ చెయ్యరా? ఈ శరీరం ఖాళీ అయింది, కొమురెల్లి దిగిండు." మెల్లగా అన్నాడు. "లైన్ల ఎవలకు చెప్పకు. పోరగాండ్లు 'వచ్చేది నీ కొడుకు కాదు' అని ఆమె ముందటనే ఒర్రుతరు. మల్ల అన్నం బంద్ వెడ్తది."

చెప్పకుండా ఉండటమా! అనసూర్య పుట్టి బుద్ధెరిగాక చెయ్యని పని అది.

మర్నాడు నల్లా దగ్గర బిందెల వరుసలో శోభే మొదలుపెట్టింది. "వదినే, సారవ్వ మంచిగ తింటున్నదట గదా! గంత మొండి ముసలామెకు తినిపిచ్చేది ఎవలే?"

అందరూ అనసూర్య వైపు తిరిగారు. ఆమె నాలుక చివరికి లింగమూర్తి పేరు దుమికింది. పెదవులు బిగించి, దాన్ని గుటుక్కున మింగింది. మింగాక బిందె భుజానికెత్తుకుని గొప్పగా అంది.

"ఇంకెవలు? నేనే."

"చూడుండ్రి!" అంది శోభ, చేతిలో బిందె ఒలికేలా నవ్వుతూ. "మా ఆయనకు పోయిన 'నేను' అంత ఈమెకే పట్టింది!"

లైనంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా అనసూర్యే నవ్వింది.