పళ్లెంలో తిరిగి పడేసిన చీటీ

కొత్త చీర మడత విప్పితే వచ్చే గంజి వాసన ఇప్పటికీ నన్ను ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులోకి లాక్కుపోతుంది. మొన్న మా అమ్మాయి కొత్త చీర మడత విప్పినప్పుడూ అంతే, కరుణమ్మ ఆంటీ గుర్తొచ్చింది. ఆ సందులోనే ఆమె చీరలకు ఫాల్ కుట్టి బతికేది. మా చిన్న సంఘంలో ఏనాడూ ప్రసంగించలేదు, పాటలో శ్రుతి కూడా కలిసేది కాదు. అయినా దేవుని మాట ముందు ఎలా కూర్చోవాలో నాకు నేర్పింది ఆమే.

కొత్త సంవత్సరం ఉదయం ఆరాధనయ్యాక మాకు పళ్లెంలో వాగ్దానపు చీటీలు పెడతారు. ఒక్కోదాని మీద ఒక వాక్యం. కళ్లు మూసుకుని తీసిందే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. ఆ సంవత్సరం నాకు, కానుక బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న మాట వచ్చింది. ఒళ్లు మండింది. అమ్మ సమాధి కార్యక్రమానికి తమ్ముడు ప్రకాశ్ ఆలస్యంగా వచ్చాడని, మట్టి వేసే చోటే అందరి ముందు "నువ్వు రాకున్నా నడిచేది" అన్నాను. అప్పటికి రెండేళ్లు. వాడుండే ఫలక్‌నుమా రైల్లో ఒక్క స్టేషన్ దూరం, నేను ఒక్కసారీ వెళ్లలేదు. ఆ చీటీ పళ్లెంలో పడేసి ఇంకొకటి తీశాను. అందులో ఆశీర్వాదం ఉంది. హాయిగా ఇంటికొచ్చాను.

పళ్లెం పట్టుకున్నది కరుణమ్మ ఆంటీ. వారం తిరక్కుండా పిలిపించి, నేను వదిలేసిన చీటీ నా ముందు పెట్టింది.

"నీకొచ్చింది ఇది గద బిడ్డా."

"నాకొద్దాంటీ. తప్పు వాడిది."

"మనకు నచ్చిన మాటలే ఏరుకుంటే దేవునితోని మాట్లాడినట్టు గాదు. మనతోని మనమే మాట్లాడుకున్నట్టు."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని లోపల విసుక్కున్నాను. ఆమె వదల్లేదు. రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఒక్క వాక్యమే చదివించేది. వివరించేది కాదు. "ఇయ్యాల ఏమంటుంది?" అని అడిగి, తన కుట్టు తాను కుట్టుకునేది. ఏడాదికోసారి గ్రంథమంతా పూర్తిచేస్తానని గొప్పలు పోయేదాన్ని, ఒక్క వాక్యం దగ్గర పది నిమిషాలు నిలవలేకపోయాను. మొదట్లో అందులో వాడి తప్పే కనిపించింది. పన్నెండో రోజో ఎప్పుడో, తప్పెవరిదని ఆ మాట అడగనే లేదని గమనించాను. ముందు వెళ్లమనే ఉంది. అమ్మ పోయిన దుఃఖాన్ని వాడి మీద తీర్చుకున్నానని ఆ సాయంత్రం ఒప్పుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆదివారం ఫలక్‌నుమా వెళ్లాను. ప్రకాశ్ తలుపు తీసి, నన్ను చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయాడు. నేరుగా ఆంటీ దగ్గరికొచ్చి కూలబడ్డాను.

"వాడు మాట్లాడలే ఆంటీ. నేనైతే పోయిన గద, అయిపోయింది."

"దేవుడు నిన్ను పొమ్మన్నడు. వాడు మాట్లాడతడని చెప్పలే గద. మళ్ల పో."

మళ్లీ వెళ్లాను. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్లాను. నాలుగోసారి వాడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మ మొఖం చూసే ధైర్యం లేక ఆ దినం గేటు బయటనే నిలబడ్డ అక్కా. గంటసేపు. ఎందుకు లేటయిందని నువ్వు అడగనే లేదు."

నిజమే, అడగలేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆంటీ పోయి ఆరేళ్లయింది. నేను రోజూ ఉదయం వాక్యం చదువుతాను. హాయినిచ్చే మాట కనిపిస్తే స్తోత్రం చెప్పి ముందుకు సాగుతాను. గుచ్చే మాట ఎదురైతే మాత్రం అక్కడే ఆగి, ఎవరింటికి వెళ్లమంటున్నావని దేవుణ్ణి అడుగుతాను. జవాబు నాకు ముందే తెలిసి ఉంటుంది.